లోపలి దెబ్బ

ముద్దనూరు దాటి పులివెందుల దారిలో మూడు మైళ్లు పోయేసరికి గొర్రెల మంద ఎదురైంది. పొద్దున ఎనిమిదిన్నర అయివుంటుంది. కమాల్ బాషా మోటారు సైకిలు వేగం బాగా తగ్గించి, రెండు కాళ్లూ నేలకు ఆనిస్తూ, గొర్రెల మధ్య దారి చేసుకుంటూ పోతున్నాడు. పక్కన మనిషి మామూలుగా నడిచినా అతన్ని దాటిపోయేంత నిదానం.

బండి అతనిది కాదు. పులివెందులలో రోడ్డు పనులు చేయించే ఒక కాంట్రాక్టరుది. ప్రొద్దుటూరులో కమాల్ పనిచేసే షెడ్డుకు ఇంజను రిపేరుకు వచ్చింది. విప్పి, సరిచేసి, మళ్లీ బిగించింది కమాలే కాబట్టి, నడుపుకుంటూ పోయి అప్పజెప్పి రమ్మని మేస్త్రీ అతన్నే పంపించాడు. ఇరవై ఆరేళ్ల కమాల్‌కు ఇంజన్లంటే ప్రాణం. బండి నడపడం మాత్రం ఇష్టం ఉండేది కాదు. రోడ్డు మీద మనుషులుంటారని అతని భయం.

మంద చివరనున్న ఒక గొర్రె ఇంజను మోతకు బెదిరి ముందు చక్రం కిందికే దూకింది. కమాల్ హ్యాండిలు పక్కకు తిప్పాడు. రోడ్డు వారన పోసిన కంకర మీదికి చక్రం ఎక్కి జారింది. అక్కడ గొంగడి భుజాన వేసుకొని నిలబడి ఉన్న ముసలాయన నడుముకు బండి తగిలింది. ఆయనా, కమాలూ, బండీ ఒక్కసారే పడ్డారు. పడేటప్పుడు హ్యాండిలు కొస కమాల్ ఎడమ డొక్కలో పొడుచుకుంది. జరిగింది అంతే. చూసేవాళ్లెవరైనా ఉంటే నవ్వి ఊరుకునేపాటి ప్రమాదం.

కమాల్ తన డొక్క సంగతి పట్టించుకోలేదు. బండి కింద నుంచి కాలు లాక్కొని ముసలాయన దగ్గరికి పాకాడు. ఆయన వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్లు మూసుకున్నాడు. కనుబొమ మీద చర్మం చీలి నెత్తురు చెవిలోకి కారుతోంది. కమాల్ చేయి చాపి వెనక్కి తీసుకున్నాడు. ఆయన్ను ముట్టుకోవాలంటే ధైర్యం చాలలేదు.

"మామా," అన్నాడు. "మామా, కండ్లు తెరువు."

ముసలాయన కళ్లు తెరిచి అతన్ని చూడకుండా రోడ్డు వైపు చూశాడు.

"గొర్రెకేం కాలేదు గదా అబ్బీ?"

"కాలేదు మామా."

"సరే అయితే," అని లేచి కూర్చున్నాడు. ఆయన పేరు కాటమయ్య. అరవై దాటినవాడు. మోకాలు గీసుకుపోయింది, కనుబొమ పగిలింది. అంతకుమించి పైకి ఏమీ కనిపించలేదు.

మందకు ముందు నడుస్తున్న ఆయన భార్య పెంచలమ్మ వెనక్కి పరుగెత్తుకొచ్చింది.

"ఏమప్పా, కండ్లు యాడ బెట్టుకోని తోలుతాండావు? ముసిలోడు కనపళ్లేదా నీకు?" అని కమాల్‌ను అడిగి, సమాధానం కోసం ఆగకుండా కొంగు చింపి మొగుడి తలకు కట్టింది. కాటమయ్య నడుముకు వేలాడుతున్న సొరకాయ బుర్ర అందుకొని నీళ్లు తాగబోయాడు. కమాల్ ఆయన చేయి పట్టుకొని ఆపాడు.

"నీళ్లు తాగొద్దు మామా. నీకు దండం పెడతా, తాగొద్దు."

ఇద్దరూ అతని ముఖం వంక చూశారు. అప్పుడు కమాల్ తన నాయన సంగతి వాళ్లకు చెప్పాడు.

అతని నాయన లాల్ బాషా ప్రొద్దుటూరులో జట్కా తోలేవాడు. ఎనిమిదేళ్ల కిందట ఒకరోజు సందు మలుపులో ఆకుకూరలమ్మే ముసలమ్మను జట్కా చక్రం నెట్టింది. బండి అప్పుడు నడకమీదే ఉంది. ఆమె పడింది, లేచింది, చెల్లాచెదురైన ఆకుకూరంతా తట్టలోకి ఏరుకుంది. ఎదురింటివాళ్లు ఇచ్చిన నీళ్లు తాగి, తనకేం కాలేదని చెప్పి, తన కాళ్ల మీద తను నడిచి ఇల్లు చేరింది. పొద్దు గుంకకముందే చచ్చిపోయింది. కడుపులో ఎక్కడో చిట్లి నెత్తురంతా లోపలే కారిపోయిందని డాక్టర్లు కోర్టులో చెప్పారు. లాల్ బాషాకు ఆరు నెలల జైలు పడింది. కడప జైలు నుంచి తిరిగొచ్చాక ఆయన మళ్లీ పగ్గాలు పట్టలేదు. పత్తి మిల్లు గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు. ఇంట్లో పదిమాటలకు ఒక మాట మాట్లాడతాడు.

"లేచి నడిచింది గదా అని అందరూ ఊరుకున్నారు అత్తా," అన్నాడు కమాల్. "ఈయన గూడా లేచి కూకున్నాడు. నాకు శానా భయంగా ఉంది. జమ్మలమడుగులో పెద్దాసుపత్రి ఉంది. లోపల సూసే మిషను ఉందంట ఆడ. పోదాం పా మామా."

"మోకాలు గీరుకుంటే ఆసుపత్రి ఏందబ్బీ?" అన్నాడు కాటమయ్య.

పెంచలమ్మ మాత్రం మొగుడి పొట్ట మీద చేయి వేసి అక్కడక్కడా నొక్కి చూసింది. ఆమె కళ్లలోకి కూడా భయం వచ్చింది.

"పోయిరా," అంది. "మందను నేను సూసుకుంటా. ఈ అబ్బి సెప్పేది ఇని నాకు గుండె దడ పుట్టింది."

బండి హ్యాండిలు కొంచెం వంకరపోయింది. లైటు అద్దం పగిలింది. ఇంజను మాత్రం రెండో తన్నుకే అందుకుంది. కాంట్రాక్టరు ఏమంటాడో, మేస్త్రీ ఏం చేస్తాడో అన్న ఆలోచన కమాల్‌కు వచ్చిన మాట నిజమే కాని, ఎక్కువసేపు నిలవలేదు. వెనక సీటు మీద కాటమయ్యను కూర్చోబెట్టుకొని ముద్దనూరు వైపు తిప్పాడు.

కాటమయ్య పుట్టి బుద్ధెరిగాక మోటారు సైకిలు ఎక్కడం అదే మొదలు. రెండు చేతులతోనూ కమాల్ నడుము గట్టిగా పట్టుకున్నాడు. ఎడమ డొక్క మీద ఆయన చేయి నొక్కినప్పుడల్లా కమాల్‌కు ఊపిరి ఆగినట్టవుతోంది. గట్టిగానే తగిలింది, రేపటికి నల్లగా కములుతుంది అనుకున్నాడు. ఎడమ భుజం కూడా నొప్పి మొదలైంది. హ్యాండిలు వంకరపోయింది కదా, అందుకే భుజం పీకుతోంది అనుకున్నాడు.

అతని ధ్యాసంతా వెనకాలే ఉంది. కాస్సేపు చప్పుడు లేకపోతే ముసలాయన తల వాల్చేశాడేమోనని భయం. పేరు అడిగాడు. ఊరు అడిగాడు. మతి సరిగా ఉందో లేదో తెలుసుకోవాలని ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాడు.

"మందలో ఎన్ని గొర్లుండాయి మామా?"

"అట్ల అడగగూడదు అబ్బీ. దిష్టి."

ఆ జవాబుకు కమాల్‌కు కొంచెం ధైర్యం వచ్చింది. మతి బాగానే ఉంది. కాని మరుక్షణమే ఆకుకూరల ముసలమ్మ గుర్తొచ్చింది. ఆమె మతి కూడా చివరిదాకా బాగానే ఉంది. ఇల్లు చేరి కోడలికి పొయ్యి రాజెయ్యమని చెప్పిందట.

కమాల్ చేతులు చల్లబడుతున్నాయి. ఫిబ్రవరి ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. అయినా అతనికి చలిగా ఉంది. చొక్కా వీపుకు అంటుకుపోయింది. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందంటే ఇంజను మోతలోనూ ఆ దడ చెవుల్లో వినిపిస్తోంది. ఇదంతా భయమే అనుకున్నాడు. నాయన్ను పోలీసులు తీసుకుపోయిన రోజు కూడా ఇట్లాగే చేతులు చల్లబడ్డాయి, నాలుక ఎండిపోయింది. ఈరోజు తనను తీసుకుపోతారు. తనకు లైసెన్సు లేదు. భార్య ఫాతిమాకు ఇప్పుడు నాలుగో నెల. నాయన గేటు దగ్గర కూర్చొని మళ్లీ అదే కబురు వింటాడు. ఆ ముఖం తలుచుకునేసరికి కమాల్‌కు కళ్ల ముందు రోడ్డు మసకబారింది.

ముద్దనూరు రైలుగేటు దాటాక టీ అంగడి దగ్గర బండి ఆపాడు. ఆపకపోతే పడిపోయేవాడే. అంగడి బయట బల్ల మీద కూలబడి నీళ్లడిగాడు. ఒక గ్లాసు తాగాడు. రెండోది తాగాడు. మూడోది అడిగాడు. కాటమయ్య పక్కన నిలబడి చూస్తున్నాడు.

"నన్ను తాగొద్దని నువ్వు తాగుతాండావే."

"నాకు దప్పిగ్గా ఉంది మామా. భయంతో నోరెండిపోయింది."

కాటమయ్య వంగి అతని ముఖంలోకి చూశాడు. తర్వాత బొటనవేలితో అతని కంటి కింది రెప్పను కిందికి లాగాడు. గొర్రెను తొడల మధ్య బిగించి పట్టుకొని చూసినట్టే చూశాడు. రెండో కన్నూ చూశాడు. పెదవి తిప్పి చిగుళ్లు చూశాడు.

"నీ కన్ను లోపల తెల్లగుంది అబ్బీ," అన్నాడు. "నెత్తురు చుక్క ల్యా. నీకు యాడ తగిలింది?"

"నాకేం తగల్లేదు మామా. నువ్వు కూకో."

"పొట్టేళ్లు కుమ్ముకున్నప్పుడు సూసినా నేను. డొక్కలో దెబ్బ తగిలిన పొట్టేలు పైకి బాగనే ఉంటాది. మేత గూడా మేస్తాది. రెప్ప లోపల సూస్తే పాల మాదిరి తెల్లగుంటాది. అది పొద్దు గూకేదాక ఉండదు. పొట్ట సూపియ్యి."

కమాల్‌కు అప్పుడు కలిగిన భయం అంతకుముందు భయాలన్నిటి కంటే పెద్దది. ముసలాయన మతి తప్పింది అనుకున్నాడు. తల దెబ్బ లోపలికి దిగింది. దెబ్బ తిన్న మనిషి తనను గుద్దినవాణ్ణి గొర్రె అనుకుంటున్నాడు, ఇక ఎంతోసేపు పట్టదు. ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు.

లేచి బండి దగ్గరికి నడిచాడు. స్టార్టు చేద్దామని కాలు ఎత్తి తన్నాడు. కాలిలో బలం లేదు. రెండోసారి కాలెత్తేలోగా రైలుగేటూ, అంగడీ, ఎండా అన్నీ ఒక పక్కకు ఒరిగాయి. కింద పడలేదు. గొంగడి వాసన ముక్కుకు తగిలింది. కాటమయ్య పట్టుకున్నాడు.

ఆ తర్వాత జరిగినవి కమాల్‌కు ముక్కలు ముక్కలుగా తెలుసు. కాటమయ్య అతన్ని బల్ల మీద పడుకోబెట్టి చొక్కా పైకెత్తాడు. ఎడమ పక్కటెముకల కింద హ్యాండిలు కొసంత గుండ్రటి ఎర్రమచ్చ ఉంది. పొట్ట ఉబ్బి చెక్కలాగా గట్టిగా ఉంది. ముసలాయన వేలితో మెల్లగా తాకితే కమాల్ అరిచాడు. జమ్మలమడుగు బస్సు ఇంకో గంటకు గాని లేదని అంగడివాడు చెప్పాడు. నాపబండలు వేసుకొని ఒక లారీ వస్తుంటే కాటమయ్య చేతికర్ర అడ్డంగా పట్టుకొని రోడ్డు మధ్యన నిలబడ్డాడు.

లారీ ఆగింది. డ్రైవరు యల్లయ్య తల బయటికి పెట్టాడు. తలకు నెత్తుటి కట్టుతో ఉన్న ముసలాయన్నూ, బల్ల మీది మనిషినీ, వంకరపోయిన మోటారు సైకిలునూ చూశాడు.

"యాక్సిడెంటు కేసు నాకొద్దు పెద్దాయనా. ఆడికి పోతే పోలీసోళ్లు నన్నే పట్టుకుంటారు."

"తీసకపోకుంటే నన్ను గుద్ది పోవాల అప్పా," అన్నాడు కాటమయ్య, కదలకుండా. "ఈ పొద్దు నాకిది అలవాటైంది."

యల్లయ్య ఆయన వైపు కొంచెంసేపు చూసి ఇంజను ఆపి కిందికి దిగాడు. ఇద్దరూ కలిసి కమాల్‌ను ఎత్తి బండల మీద గొంగడి పరిచి పడుకోబెట్టారు. మోటారు సైకిలును అంగడివాడికి అప్పగించారు.

లారీ కదిలాక కమాల్‌కు తన సంగతి అర్థమైంది. ముసలాయన మతి సరిగానే ఉంది. లేచి నడిచిన మనిషి తనే. నీళ్లు తాగిన మనిషి తనే. ఆకుకూరల ముసలమ్మ ఇల్లు చేరేదాకా ఎలా నడిచిందో ఇప్పుడు తెలిసింది. భుజం నొప్పి, చలి, దప్పిక, గుండె దడ ఆమెకూ ఉండివుంటాయి. ఆమె కూడా అదంతా బెదురే అనుకొని ఉంటుంది.

అప్పటిదాకా ముసలాయన చచ్చిపోతాడని భయపడ్డాడు. ఇప్పుడు తను చచ్చిపోతాడని భయం. ఈ రెండో భయంలో మాటలు కూడా లేవు. బండలు అదిరినప్పుడల్లా పొట్టలో ఏదో బరువుగా కదులుతోంది. చావు ముందు చదివే కలిమా చదువుకుందామంటే సగంలో మరిచిపోతున్నాడు. మళ్లీ మొదలుపెడుతున్నాడు. మళ్లీ అక్కడే ఆగిపోతున్నాడు.

"మామా," అన్నాడు. "నేను పోతాండానా?"

ఇంకెవరైనా అయితే లేదనేవాళ్లు. కాటమయ్య మళ్లీ అతని రెప్ప లాగి చూశాడు.

"తెలీదబ్బీ," అన్నాడు. "గొర్రెలకైతే ఆసుపత్రి ల్యా. నీకుంది. నిద్రపోగాకు. నీ పెండ్లాం పేరేంది?"

"ఫాతిమా."

"ఏం వండుతాది బాగ?"

కమాల్ ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో తర్వాత గుర్తు లేదు. పెన్న మీది గాలి ముఖానికి తగిలింది. ముసలాయన అడుగుతూనే ఉన్నాడు. తను ముద్దనూరు దాకా ఆయన్ను అడిగినట్టే.

ఆసుపత్రిలో స్ట్రెచరు తెచ్చినవాళ్లు ముందు కాటమయ్య దగ్గరికి పోయారు. నెత్తురు కనిపిస్తున్నది ఆయన ఒంటి మీదే. ఆయన వాళ్ల చేతులు తోసేశాడు.

"నన్ను గాదు. ఆ పిల్లోణ్ణి."

లోపలి గదిలోకి డాక్టరమ్మ వచ్చింది. కళ్లద్దాలు, తెల్ల చీర, తలలో సగం నెరిసిన జుట్టు. కమాల్ తల ఎత్తి, "అమ్మా, ఆయన్ను బండితో గుద్దినా. ముందు ఆయన్ను చూడండి. తలకు తగిలింది," అన్నాడు. ఆ పరిస్థితిలోనూ ఆ భయం అతన్ని వదల్లేదు. డాక్టరమ్మ కాటమయ్య వైపు తిరిగింది. ముసలాయన ఆమెకు దారి ఇవ్వలేదు.

"ఈని కన్ను సూడు తల్లీ. ఒక్కసారి సూడు."

ఆమె కమాల్ కంటి రెప్ప లాగి చూసింది. వెంటనే మణికట్టు పట్టుకుంది. పొట్ట మీద చేయి వేసింది. ఆపైన ఆమె మాటలన్నీ నర్సులతోనే. గదిలో నడకలు వేగమయ్యాయి.

"ఆపరేషను చేయాలి, ఇప్పుడే," అంది కాటమయ్యతో. "ఇతని తరఫు ఎవరున్నారు?"

"నేనుండా."

"ఏమవుతాడు మీకు?"

"నన్ను గుద్దినోడు," అన్నాడు కాటమయ్య.

ఆమె కళ్లద్దాల పైనుంచి ఆయన్ను చూసి కాగితం ముందుకు జరిపింది. ఆయన వేలిముద్ర వేశాడు. ముక్కు మీద గుడ్డ పెట్టి మందు చుక్కలు వేస్తుంటే కమాల్‌కు చివరగా కనిపించింది తలుపు దగ్గర నిలబడ్డ ముసలాయనే. తలకట్టు అంతా ఎర్రగా తడిసి ఉంది. ఎవరూ ఆయన్ను చూడటం లేదు. నేను లేచేసరికి ఈయన చచ్చిపోయి ఉంటాడు అనుకుంటూ కమాల్ మత్తులోకి జారాడు.

మళ్లీ పూర్తిగా తెలివి వచ్చేసరికి మర్నాడు పొద్దున అయింది. మంచం పక్కన స్టూలు మీద నాయన లాల్ బాషా కూర్చొని ఉన్నాడు. కాళ్ల దగ్గర నేల మీద ఫాతిమా గోడకు ఆనుకొని నిద్రపోతోంది. లారీ యల్లయ్య బండలు దింపాక ప్రొద్దుటూరు పోయి షెడ్డులో కబురు చెప్పాడట.

"ఆ ముసలాయన యాడ?" అన్నాడు కమాల్. 

"ఏ ముసలాయన?" అన్నాడు లాల్ బాషా.

కమాల్ లేవబోయాడు. పొట్టంతా కోత పెట్టినట్టయి వెనక్కి పడ్డాడు. ఆ కేకకు ఫాతిమా లేచింది. నర్సు వచ్చింది. నర్సు చెప్పాకగాని కమాల్ ఊపిరి కుదుటపడలేదు. కాటమయ్యకు ఎక్స్‌రే తీశారు. తల ఎముకకు ఏమీ కాలేదు. కనుబొమకు నాలుగు కుట్లు వేసి, ఒక రోజు ఉండి పొమ్మన్నారు. ఆపరేషను అయ్యేదాకా వరండాలోనే ఉన్నాడు. హెడ్‌కానిస్టేబులు వచ్చి కేసు రాసుకుంటానంటే, "బెదిరింది నా గొర్రె. బండి మా ఇద్దరి మీదా పడింది. ఎవురి మీద రాస్తావు?" అన్నాడట. కానిస్టేబులు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మనిషి బతికాడని డాక్టరమ్మ నోటితో విన్నాక, మంద దగ్గర ముసల్ది ఒక్కతే ఉందని చెప్పి కాటమయ్య వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చి కమాల్‌ను అడిగింది. "చిన్నప్పుడు చలిజ్వరం ఎక్కువగా వచ్చేదా?"

"ఏటా వచ్చేదమ్మా."

"అందుకే. కడుపులో ఎడమ పక్క ఉండే బల్ల, అంటే ప్లీహం, పెరిగి ఉంది నీకు. పెరిగిన బల్ల పండిన పండులాంటిది. చిన్న దెబ్బకే చిట్లుతుంది. దాన్ని తీసేశాం. అది లేకున్నా మనిషి బతుకుతాడు." ఆమె పొట్ట మీది కట్టు సరిచూసింది. "ఎక్కించడానికి రక్తం లేదు. నీ కడుపులో కారిన నీ రక్తాన్నే గుడ్డలో వడగట్టి నీకే ఎక్కించాం. ఇంకో అరగంట ఆలస్యమై ఉంటే అదీ కుదిరేది కాదు."

ఆమె పోయాక ఫాతిమా కొంగుతో ముఖం కప్పుకొని నీళ్ల కోసం బయటికి వెళ్లింది. గదిలో తండ్రీకొడుకులే మిగిలారు. లాల్ బాషా స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకున్నాడు. తర్వాత ఇంట్లో మాట్లాడుకునే ఉర్దూలో, మెల్లగా మొదలుపెట్టాడు.

"ఆ ముసలమ్మ నీళ్లు తాగి లేచినప్పుడు మొఖం పాలిపోయింది. నేను చూసినా. పెదాలు గూడా తెల్లగైనాయి. ఆసుపత్రి రెండు వీధుల అవతలుండె. బండి ఉండె, గుర్రముండె. తీసకపోతే కేసు రాస్తారని భయపడినా. ఆమే ఏం కాలేదంటాంది గదా అని బండి తోలుకోని పోయినా."

కమాల్ కళ్లు మూసుకోలేదు, తిప్పుకోలేదు.

"గుద్దినందుకైతే జైలు ఏసినారు," అన్నాడు లాల్ బాషా. "దీనికి ఎవురూ ఏం ఎయ్యలే. ఎవురికీ తెలీదు గదా."

కమాల్ చేయి కదిపాడు. ఆ చేతికి సూది గుచ్చి ఉంది. తండ్రి దాన్ని కదలనీయకుండా మంచానికి అదిమి పట్టుకున్నాడు. ఫాతిమా చెంబుతో తిరిగి వచ్చేదాకా ఇద్దరూ అట్లాగే ఉన్నారు. ఆ తర్వాత వాళ్లు ఆ మాట మళ్లీ ఎత్తుకోలేదు. కాని ఆ రోజు నుంచి లాల్ బాషా ఇంట్లో కొంచెం మాట్లాడటం మొదలుపెట్టాడు.

కమాల్ ఆసుపత్రిలో మూడు వారాలున్నాడు. భయం అతన్ని వదిలిపెట్టలేదు. బయట ఎక్కడ మోటారు చప్పుడైనా ఒళ్లు చెమటలు పట్టేది. నర్సు కనపడితే చాలు, రెప్ప చూడమని అడిగేవాడు. వాళ్లు నవ్వుతూనే చూసేవాళ్లు. మొదటి వారం కాటమయ్య కుట్లు విప్పించుకోవడానికి వచ్చి కమాల్‌తో కాసేపు కూర్చొని పోయాడు. రెండో వారం సంతకు వచ్చి, వేరుసెనక్కాయలు మూటగట్టుకొచ్చి ఫాతిమా చేతిలో పెట్టాడు. మూడో వారం వస్తానన్నాడు. రాలేదు.

సంత రోజు సాయంత్రం దాకా కమాల్ గుమ్మం వైపే చూశాడు. తలలో నెత్తురు నెలరోజుల తర్వాత కూడా గడ్డకడుతుందని పక్క గది రోగి ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చింది. పైకి బాగానే ఉన్నాడు. అందరూ అట్లాగే ఉంటారు. డిశ్చార్జి చేసిన రోజు ప్రొద్దుటూరు బస్సు ఎక్కాల్సినవాడు, ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే బస్సు ఎక్కాడు. వద్దని చెప్పినా వినడని ఫాతిమాకు తెలుసు. ఆమె కూడా ఎక్కింది. బస్సు కుదిపినప్పుడల్లా అతను పొట్ట మీద తువాలు అదిమి పట్టుకున్నాడు. ముద్దనూరు టీ అంగడి ముందు మోటారు సైకిలు లేదు. కాంట్రాక్టరు మనుషులు వచ్చి తీసుకుపోయారని, నాలుగు తిట్లు తిట్టి ఊరుకున్నారని యల్లయ్య ఆసుపత్రికి చూడవచ్చినప్పుడే చెప్పాడు.

కంకర కుప్ప దగ్గర బస్సు దిగారు. మంద దూరంగా వేరుసెనగ పీకేసిన చేలో మేస్తోంది. పెంచలమ్మ ఒక్కతే కనిపించింది. ఆమె పక్కన ఎవరూ లేరు.  కమాల్ ఫాతిమా చేయి పట్టుకొని నిలబడిపోయాడు.

"అత్తా," అని దూరం నుంచే పిలిచాడు. "మామ యాడ?"

పెంచలమ్మ చేయి కళ్లకు అడ్డం పెట్టుకొని చూసింది.

"యాడుంటాడు? ఆడ బండకాడ కూకోనుండాడు. కాలు కదిలిస్తే గదా."

చేను గట్టు అవతల రాతి మీద కాటమయ్య కూర్చొని ఉన్నాడు. బతికే ఉన్నాడు. మోకాలు మాత్రం చిన్న గుమ్మడికాయంత వాచి ఉంది. ఆకులు నూరి కట్టు కట్టుకున్నాడు. కమాల్ ఆయన ముందు కూలబడి ఏడ్చాడు. మూడు వారాల్లో అతను ఏడవడం అదే మొదలు. ఫాతిమా గట్టు మీద నిలబడి ముఖం పక్కకు తిప్పుకుంది.

"కుట్లు పచ్చిగుండంగనే బస్సెక్కినావా?" అన్నాడు కాటమయ్య.

"ఈ కాలు ఎప్పుటినుంచి ఇట్లుంది మామా?"

"ఆ పొద్దుటినుంచే నస పెడతాంది. వారం నుంచి అడుగెయ్యనీల్యా."

"డాక్టరమ్మకు చెప్పినావా?"

"తలకాయ అడిగింది. మోకాలు అడగల్యా."

"ఆయనకు ఆసుపత్రంటే బయం," అంది వెనక నుంచి పెంచలమ్మ. "నిన్ను కోసేటప్పుడు ఇన్నాడంట ఏందో సప్పుడు. కుట్లకూ నిన్ను సూడనీకీ వచ్చినాడు గాని, ఇప్పుడు కాలు కోస్తారని ఆ గడప తొక్కనంటాండాడు."

కాటమయ్య కాదనలేదు. దూరంగా మేస్తున్న గొర్రెల వైపు చూశాడు. ఆ పెద్దమనిషి ముఖంలో భయం చూడటం కమాల్‌కు అదే మొదటిసారి. రోడ్డు మీద లారీకి అడ్డం నిలబడ్డప్పుడు కూడా అది లేదు.

"లోపలికి నేను గూడా వస్తా మామా," అన్నాడు కమాల్. "నీ పక్కనే ఉంటా. నాకు గూడా భయమే."

 కాటమయ్య కర్ర కోసం చేయి చాపాడు. ఫాతిమా అందించింది.

"బస్సులో అయితే వస్తా," అన్నాడు. "నీ బండి మీద మాత్రం ఎక్కను."

పెంచలమ్మ మందను రోడ్డుకు దూరంగా తోలింది. మిగిలిన ముగ్గురూ చేను దాటి నడిచారు. ఒకరు పొట్ట పట్టుకొని, ఒకరు మోకాలు ఈడ్చుకుంటూ, మధ్యలో ఫాతిమా ఇద్దరికీ భుజం ఆనిస్తూ. పులివెందుల నుంచి తిరిగి వచ్చే బస్సుకు ఇంకా చాలా పొద్దు ఉంది. రోడ్డు వార తుమ్మచెట్టు నీడలో కూర్చొని ఎదురు చూశారు.